ఇటుక ఇంటి ఎలివేషన్‌కి రంగు కొట్టిస్తున్నారా? ముందు ఆ తెల్ల పొడి సంగతి తేల్చుకోండి!

పండగ దగ్గర పడుతోందంటే చాలు.. పెయింటర్లకు చేతినిండా పని. ప్లాస్టరింగ్ చేసిన ఇంటికైతే పెద్దగా ఆలోచించాల్సింది ఉండదు. పాత రంగు గీకి, పుట్టీ పట్టించి, రెండు కోట్లు వేస్తే సరిపోతుంది. చిక్కంతా ఎర్ర ఇటుక బయటికి కనిపించేలా కట్టుకున్న ఇళ్లతోనే. కట్టిన కొత్తలో వీధిలో వాళ్లంతా ఆగి చూసిన ఎలివేషన్.. ఐదారేళ్లు తిరిగేసరికి వెలవెలబోతుంది. గోడ మీద తెల్లటి చారలు, సజ్జ కింద నాచు, అడుగున నల్లటి మచ్చలు. చూసి చూసి విసుగొచ్చి ‘మొత్తానికి ఓ రంగు కొట్టించేద్దాం’ అనుకుంటారు చాలామంది. డబ్బు వృథా అయ్యేది సరిగ్గా ఇక్కడే. ఆ మచ్చల్లో చాలావరకు మురికి కాదు.. గోడలోకి నీళ్లు వెళ్తున్నాయని చెప్పే గుర్తులు.

తెల్ల పొడి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇటుకలో, సిమెంట్‌లో, ఇసుకలో, పునాది కింద మట్టిలో ఎంతో కొంత ఉప్పు ఉంటుంది. గోడలోకి నీళ్లు వెళ్లినప్పుడు ఆ ఉప్పు కరుగుతుంది. ఎండకు నీళ్లు ఆవిరై బయటికి వస్తే ఉప్పు మాత్రం ఇటుక పైనే ఉండిపోతుంది. తెల్ల పొడి అంటే ఇదే. మన దగ్గర వానలు తగ్గి, చలిగాలి మొదలయ్యాక ఇది ఎక్కువగా తేలుతుంది. అంటే సరిగ్గా సంక్రాంతికి రంగులు వేయించే టైమ్‌లోనే!

కొత్త ఇంటికి మొదటి ఏడాది కాస్త తెల్లగా వస్తే కంగారు అక్కర్లేదు. కట్టేటప్పుడు పోసిన నీళ్లు ఆరిపోయే కొద్దీ అదే తగ్గుతుంది. ఏటా ఒకే చోట వస్తోందంటే మాత్రం నీళ్లకు ఎక్కడో దారి ఉన్నట్టే. ఇటుకలోనూ లోపం ఉండొచ్చు. ఇటుకల నాణ్యతకు సంబంధించిన ఐఎస్ 1077 ప్రమాణం ప్రకారం మామూలు ఇటుక 24 గంటలు నీళ్లలో నానితే తన బరువులో 20 శాతానికి మించి నీరు పీల్చకూడదు. సరిగా కాలని ఇటుక ఇంతకంటే ఎక్కువే తాగుతుంది. కొత్తగా కట్టుకునేవాళ్లు ఎలివేషన్‌కి వాడే ఇటుకనైనా ఏరి తీసుకోవడం మంచిది. రెండు ఇటుకలు తట్టి చూస్తే ఖంగుమని మోగాలి, గోటితో గీస్తే గీత పడకూడదు.

నీళ్ల దారి వెతకడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. మచ్చ ఎక్కడ ఉందో చూస్తే చాలు. నేల నుంచి మూడడుగుల లోపు అడ్డంగా పట్టీలా కనిపిస్తే చెమ్మ కింది నుంచి ఎక్కుతున్నట్టు. ప్లింత్ మీద డీపీసీ వేయకపోయినా, వేసినదాన్ని మించి మట్టి పేరుకున్నా ఇలా అవుతుంది. మన ఊళ్లలో ఇంకో తలనొప్పి ఉంది. పాత సీసీ రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు వేస్తారు. రెండు మూడుసార్లు అలా వేసేసరికి ఇల్లు రోడ్డు కంటే కిందికి దిగిపోతుంది. వాన నీళ్లన్నీ వచ్చి గోడకే ఆనుతాయి. ఇలాంటి చోట ఎంత ఖరీదైన పెయింట్ వేసినా నిలవదు. గోడ పక్కన చిన్న కాలువ తీసి నీళ్లు అవతలికి పోయేలా చేసుకోవాలి, ప్లింత్‌కి ఆనుకున్న మట్టిని, పూలకుండీలను జరపాలి.

చార పై నుంచి నిలువుగా దిగితే ట్యాంక్ పొంగే గొట్టం, ఏసీ నీళ్ల పైపు, పిట్టగోడ పగులు.. ఈ మూడింటినీ ముందు అనుమానించాలి. సజ్జ అంచు కింద చిన్న గాడి లేకపోయినా అంతే. ఆ గాడి ఉంటే నీళ్లు అక్కడే చుక్కలుగా రాలిపోతాయి, లేకపోతే సజ్జ అడుగునే పాకి గోడ మీదికి దిగుతాయి. తాపీ మేస్త్రికి ఇది పెద్ద పనేం కాదు కానీ, అడగకపోతే చాలామంది పెట్టరు.

కడిగేటప్పుడే ఇటుక పాడవుతోంది

తెల్ల పొడి కనిపించగానే పైపు పెట్టి కడిగేస్తుంటారు. ఉప్పు మళ్లీ కరిగి గోడలోకే పోతుంది, ఆరాక తిరిగి తేలుతుంది. ముందు పొడిగా ఉన్నప్పుడే గట్టి కుచ్చు బ్రష్‌తో రుద్ది, రాలిన పొడిని ఎత్తేయాలి. ఆ తర్వాతే కొద్ది నీళ్లతో తుడవాలి. ఇనుప తీగల బ్రష్ వద్దు. దాని ముక్కలు ఇరుక్కుని తుప్పు మరకలు పడతాయి. నాచుకు బ్లీచింగ్ కలిపిన నీళ్లు పనిచేస్తాయి.

కొందరు బాత్‌రూమ్ యాసిడ్ తెచ్చి నేరుగా పోస్తారు. యాసిడ్ సిమెంట్‌ను, సున్నాన్ని తినేస్తుంది. మరక పోయినా ఇటుకల మధ్య సందులు గుల్లబారతాయి. తప్పనిసరైతే బాగా పలుచన చేసి, గోడను ముందే తడిపి, తెలిసినవాళ్లతోనే చేయించాలి. బ్లీచింగ్, యాసిడ్ రెండూ ఒకేచోట వాడితే మాత్రం ప్రాణం మీదికే వస్తుంది.. క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. ఇక గ్రైండర్ పెట్టి అరగదీయించడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. బట్టీలో కాలినప్పుడు ఇటుక పైన గట్టిపడిన పొర పోతే, ఆ తర్వాత అది స్పాంజిలా నీళ్లు తాగుతుంది.

శుభ్రం చేశాక ఎలివేషన్‌కి అసలు కళ తెచ్చేది పాయింటింగ్. ఇటుకల మధ్య రాలిపోయిన సిమెంట్‌ను అర అంగుళానికి పైగా లోతు గీకి, దుమ్ము దులిపి, తడిపి, ఒక పాలు సిమెంట్‌కి మూడు పాళ్ల ఇసుక కలిపిన మాలుతో నింపుతారు. వారం రోజులైనా క్యూరింగ్ చేయాలి. సందులు నిండి గీతలు సమంగా కనిపిస్తే పాత గోడ కూడా కొత్తదానిలా తేరుకుంటుంది, నీళ్లూ లోపలికి పోవు. తాతల నాటి గానుగ సున్నంతో కట్టిన ఇళ్లకు మాత్రం సిమెంట్ పాయింటింగ్ వద్దు. మెత్తటి పాత ఇటుక కంటే సిమెంట్ గట్టిది. చెమ్మ సందుల్లోంచి బయటికి రాలేక ఇటుకలోంచే వస్తుంది, ఇటుకే పెచ్చులూడుతుంది. వాటికి సున్నపు మాలే సరి.

మరి రంగు వేయాలా.. వద్దా?

బాగున్న ఎర్ర ఇటుకకు రంగు వేయకపోవడమే మేలు. ఒకసారి వేస్తే మళ్లీ తీయడం దాదాపు అసాధ్యం, నాలుగైదేళ్లకోసారి వేయించుకుంటూ పోవాల్సిందే. మామూలు పెయింట్ గోడ మీద పల్చటి ప్లాస్టిక్ పొరలా కూర్చుంటుంది. లోపల చెమ్మ ఉంటే బొబ్బలెక్కి ఊడిపోతుంది. తళతళ మెరవాలని వేయించే వార్నిష్ సంగతీ ఇంతే. వాన నీటి నుంచి కాపాడుకోవాలంటే సైలేన్, సైలాక్సేన్ రకం ద్రావణాలు దొరుకుతాయి. ఇవి ఇటుకలోకి ఇంకి నీటిని నెట్టేస్తాయి కానీ ఆవిరిని ఆపవు, రంగూ మార్చవు. వీటినైనా పగుళ్లు పూడ్చి, గోడ పూర్తిగా ఆరాకే వేయాలి. ఎవరైనా ఇప్పటికే రంగు కొట్టి పాడుచేసిన గోడో, అతుకుల బొంతలా ఉన్న గోడో అయితే ఆవిరిని బయటికి పోనిచ్చే సున్నం, సిలికేట్ పెయింట్ లాంటివి చూసుకోవచ్చు.

ప్లాస్టరింగ్ లేకపోతే వానకు నిలుస్తుందా అని అడిగేవాళ్లకు లారీ బేకర్ కట్టడాలే సమాధానం. బర్మింగ్‌హామ్‌లో పుట్టి 1945లో భారత్‌కు వచ్చిన ఈ ఆర్కిటెక్ట్, కుండపోత వానలు కురిసే కేరళలోనే ఎన్నో ఇటుక ఇళ్లు కట్టారు. తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ భవనాలు ఆయనవే. వాన గోడను కొట్టకుండా కప్పును బాగా బయటికి చాపడం ఆయన పద్ధతి. అందుకే ఎలివేషన్‌కి లక్ష ఖర్చు పెట్టేవాళ్లు అందులో కొంత సజ్జకు పెట్టినా తప్పులేదు.

గోడ ఒక దారికి వచ్చాక మిగతావి తేలికే. గేటుకు, కిటికీ గ్రిల్స్‌కు నలుపు గానీ ముదురు ఆకుపచ్చ గానీ వేస్తే ఎరుపు పక్కన నిండుగా ఉంటాయి. కిటికీ చుట్టూ తెల్ల పట్టీ, టేకు తలుపుకు పాలిష్ చాలు. నాలుగైదు రంగులు కలిపితే ఇటుక అందమే పోతుంది. రాధామనోహరం లాంటి తీగలు పెంచేవాళ్లు గోడకు జానెడు దూరంలో జాలీ కట్టి దానికి పాకించాలి. సందులో రావి మొక్క మొలిస్తే చిన్నప్పుడే వేరుతో సహా తీసేయాలి. ముదిరితే గోడనే చీలుస్తుంది. లైట్ల విషయంలో తెల్లటి ట్యూబ్‌లైట్ కంటే 2700 నుంచి 3000 కెల్విన్ పసుపు వెలుగు నయం. గోడకు దగ్గరగా కింది నుంచి పైకి పడేలా పెడితే ఇటుకల వరసలు బాగా తేలి కనిపిస్తాయి.

పండగ వారంలో ఉండగా మచ్చలు బయటపడితే హడావుడిగా పెయింటర్‌ని పిలవొద్దు. పొడి బ్రష్‌తో రుద్ది, గేటుకు ఓ కోటు వేసి, గడపకు పసుపు రాసి, వాకిట్లో ముగ్గు పెట్టుకుంటే ఈసారికి గడిచిపోతుంది. గోడ పని వానలు రాకముందు, ఫిబ్రవరి, మార్చిల్లో చేయించుకోవచ్చు.