వార్తల్లో పదం: నిరర్థక ఆస్తి

బ్యాంకులు త్రైమాసిక ఫలితాలు ప్రకటించినప్పుడల్లా శీర్షికల్లో కనిపించే నిరర్థక ఆస్తి అనే పదానికి, అసలు గానీ వడ్డీ గానీ గడువు దాటి 90 రోజులకు పైగా చెల్లింపు కాని రుణం అని అర్థం. రుణగ్రహీతకు అప్పు అయినది బ్యాంకుకు వడ్డీ తెచ్చే ఆస్తి కాబట్టి, ఆ రాబడి ఆగినప్పుడు దానికి ఈ పేరు వస్తుంది. పంట రుణాలకు మాత్రం రోజుల లెక్క కాక పంట కాలాల లెక్క వర్తిస్తుంది.

రుణం మొండిబారడానికి ఎగవేతదారు దురుద్దేశమే కారణమన్న అభిప్రాయం బలంగా ఉన్నా, అది పాక్షిక సత్యమే. 2006-08 నాటి ఆర్థిక ఉత్సాహంలో విద్యుత్తు, ఉక్కు, రహదారుల ప్రాజెక్టులకు బ్యాంకులు ఉదారంగా రుణాలివ్వగా, తరువాత వృద్ధి మందగించి, భూసేకరణలోనూ అనుమతుల్లోనూ జాప్యంతో వ్యయం పెరిగి, 2014లో సుప్రీంకోర్టు బొగ్గు గనుల కేటాయింపులను రద్దు చేయడంతో అనేక సంస్థల అంచనాలు తారుమారయ్యాయి. కృష్ణా-గోదావరి బేసిన్ వాయువును నమ్ముకొని ఆంధ్రప్రదేశ్‌లో నిర్మించిన విద్యుత్ కేంద్రాలు ఇంధనం అందక నిలిచిపోవడం ఇందుకు దగ్గరి ఉదాహరణ. పాత బాకీ తీర్చడానికే కొత్త రుణమిచ్చి ఖాతా సక్రమంగా ఉన్నట్లు చూపే అలవాటు నష్టాన్ని కప్పిపుచ్చిందే తప్ప తగ్గించలేదు. 2015లో రిజర్వు బ్యాంకు చేపట్టిన ఆస్తుల నాణ్యత సమీక్షతో అది బయటపడింది.

మొండి రుణానికి బ్యాంకు తన లాభం నుంచి కొంత పక్కన పెట్టవలసి ఉంటుంది కనుక, ఆ భారం కొత్త రుణాల లభ్యతపైనా పడుతుంది. వాణిజ్య బ్యాంకుల స్థూల నిరర్థక ఆస్తులు 2018 మార్చిలో మొత్తం రుణాల్లో 11 శాతం దాటగా, 2025 మార్చికి సుమారు 2.3 శాతానికి తగ్గాయి. ఈ తగ్గుదలలో వసూళ్లతో పాటు ఖాతా పుస్తకాల నుంచి తొలగించిన రుణాల వాటా కూడా ఉంది. తొలగింపు అంటే మాఫీ కాదు, వసూలు చేసుకొనే హక్కు బ్యాంకుకు కొనసాగుతుంది.