కీళ్ళ వాపుకు పసుపు, వావిలి, కొర్ర: ఎంతవరకు పనిచేస్తాయి?

కనుమ నాడు అహోబిలంలో పార్వేట మొదలవుతుంది. చెంచులక్ష్మితో తన పెళ్ళికి జనాన్ని పిలవడానికి నరసింహస్వామి పల్లకిలో బయలుదేరి ఆళ్ళగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో నలభై రోజులకు పైగా తిరుగుతాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే చేలల్లో పసుపు ఆకు ఎండి దుంప తవ్వకానికి వస్తుంది. తవ్వడం, ఉడకబెట్టడం, ఎండబోయడం అన్నీ నడుము వంచి చేసే పనులే. అవి ముగిసేసరికి ఇంట్లో ఒకరికైనా మోకాలు వాస్తుంది, నడుము పట్టేస్తుంది. ఆ వెనుకే ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు. కొండెక్కాలనే కోరిక ఉంటుంది, కాలు సహకరించదు.

అప్పుడు చాలామంది చేసే పని ఏందంటే, అంగట్లో రెండు నొప్పి బిళ్ళలు కొని మింగడం. తగ్గితే మళ్ళీ అవే బిళ్ళలు. మరికొందరు బిళ్ళలంటే భయపడి నాటు పొడుల వెంట పడతారు. రెండింటిలోనూ మేలుంది, రెండింటిలోనూ ముప్పుంది. చేతిలో పసుపు పండించే రైతుకు ఈ లెక్క తెలిసి ఉండటం అవసరం.

వాపు ఎందుకు వస్తుంది?

కాలిలో తుమ్మముల్లు దిగితే ఆ చోటు ఎర్రబడి, వేడెక్కి, వాచి, నొప్పి పెడుతుంది. అది రోగం కాదు, ఒళ్ళు తనను తాను కాపాడుకునే పని. ముల్లు తీస్తే నాలుగు రోజుల్లో అదే తగ్గుతుంది. ముల్లు లేకుండానే ఆ మంట నెలల తరబడి కీళ్ళలో రగులుతూ ఉంటే అదే చిక్కు. కారణాలు ఒకటి కాదు. వయసుతో వచ్చే మోకీలు అరుగుదల వేరు, కీళ్ళవాతం వేరు, యూరిక్ ఆమ్లం పేరుకుని వచ్చే గౌట్ వేరు. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే వచ్చే బిగుతు మరీ వేరు. కారణం తెలుసుకోకుండా అన్నింటికీ ఒకే మందంటే కుదరదు.

పసుపు లెక్క

పసుపులో వాపును తగ్గించే గుణం కుర్కుమిన్ అనే పదార్థానిది. మామూలు పసుపులో ఇది నూటికి మూడు పాళ్ళ చుట్టూ ఉంటుంది. కోళికోడ్‌లోని సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ ఇచ్చిన ప్రతిభ రకంలో ఆరు పాళ్ళ దాకా ఉంది. మన పసుపు గొప్పతనం మనకు తెలిసిందే. 1995లో అమెరికాలో గాయాలు మాన్పే గుణం పేరిట దానిపై పేటెంటు ఇచ్చారు. ఇది మా తాతల నాటి విద్య అని మన దేశ శాస్త్ర పరిశోధన మండలి సాక్ష్యాలతో వాదించి 1997లో దాన్ని రద్దు చేయించింది.

అయితే కూరలో వేసే పసుపు, పరీక్షలో పనిచేసిన మందు ఒకటి కావు. 2019లో మన దేశంలోనే మోకీలు అరుగుదల ఉన్న 139 మందిపై ఒక పరీక్ష జరిగింది. సగం మందికి డైక్లోఫెనాక్ బిళ్ళలు, సగం మందికి ఒంటికి బాగా పట్టేలా తయారుచేసిన కుర్కుమిన్ రోజుకు 1500 మిల్లీగ్రాములు ఇచ్చారు. 28 రోజుల తర్వాత నొప్పి ఇద్దరికీ దాదాపు సమానంగా తగ్గింది. కడుపు మంట కుర్కుమిన్ తీసుకున్నవారిలో తక్కువ. ఇది చిన్న పరీక్ష, నెల రోజుల మాట. అయినా మంచి కబురే.

ఇప్పుడు మీరే లెక్క వేయండి. ఒక చెంచా పసుపు సుమారు మూడు గ్రాములు. అందులో కుర్కుమిన్ 90 మిల్లీగ్రాములు. 1500 కావాలంటే రోజుకు పదహారు చెంచాలకు పైగా తినాలి! పైగా వట్టి పసుపు ఒంటికి అంతగా పట్టదు. మిరియంలోని పైపెరిన్ తోడైతే ఇరవై రెట్లు ఎక్కువ పడుతుందని 1998లో బెంగుళూరు పరిశోధకులు చూపారు. కాబట్టి పసుపు నూనెలో వేగాలి, పక్కన కాస్త మిరియం ఉండాలి. రోజూ వాడితే ఆహారంగా మేలే. మందుగా మాత్రం లెక్కించకండి.

గొట్టాల మందులతో జాగ్రత్త

మిరియంతో కలిపిన కుర్కుమిన్ గొట్టాలు ఇప్పుడు ఊరూరా దొరుకుతున్నాయి. ఒంటికి ఎక్కువ పట్టించే తయారీలతో కొద్దిమందికి కాలేయం దెబ్బతిన్నట్టు అమెరికా, ఇటలీ, ఆస్ట్రేలియాలలో బయటపడింది. అవి వాడుతుండగా కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఒళ్ళంతా దురద పెట్టినా వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి పోవాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారు, పిత్తాశయంలో రాళ్ళున్నవారు, ఆపరేషనుకు సిద్ధమయ్యేవారు అడగకుండా వాడరాదు. గ్లూకోసమైన్ బిళ్ళలకు డబ్బు పెట్టేముందు ఆలోచించండి. వాటి మీద జరిగిన పరీక్షల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు.

గట్టు మీది మందులు

వావిలి: వర్షాకాలంలో కొమ్మ ముక్కలు నాటితే కంచెగా లేస్తుంది. పశువులు అంతగా ముట్టవు. ఆకు వేసి మరిగించిన నీళ్ళతో కాపడం పెడితే కండరాల పట్టు సడలుతుంది. ఇందులో వేడి చేసే మేలు కూడా ఉంది. నీళ్ళు ఒళ్ళు కాలేంత వేడిగా ఉండకూడదు. చక్కెర జబ్బుతో పాదాలు మొద్దుబారినవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

నల్లేరు: కంచె మీద దానంతట అదే పాకుతుంది. చేతికి నూనె రాసుకుని లేత కణుపులు కోసి, నారతీసి, నూనెలో బాగా వేయించి చింతపండుతో పచ్చడి నూరుకోవాలి. పచ్చిది తింటే నోరు, గొంతు దురద పెడతాయి. ఎముకలకు మంచిదని పెద్దల మాట. పెద్ద పరీక్షలు ఇంకా జరగాలి.

అందుగ: నల్లమల చెట్టే. దీని బంకను ఆయుర్వేదంలో శల్లకి అంటారు. మోకీలు నొప్పికి కొంత ఉపశమనం ఇస్తుందని చిన్న పరీక్షలు చెబుతున్నాయి. అలాగని గొడ్డలి పట్టుకుని అడవికి పోవద్దు. బెరడు చెక్కితే చెట్టు చస్తుంది, కేసు అవుతుంది. బంక తీయడం చెంచులకు తెలిసిన విద్య.

కంచంలో మార్పు

మోకాలికి అన్నిటికన్నా పెద్ద మందు బరువు తగ్గడం. ఒంట్లో ఒక కిలో తగ్గితే అడుగు అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో ఒక పరిశోధన తేల్చింది. ఐదు కిలోలు తగ్గినవారికి కొండ మెట్లు ఎక్కేటప్పుడు ఆ తేడా ఎంతో మీరే ఊహించుకోండి. మూడు పూటలా తెల్లన్నం మాని ఒక పూట కొర్రన్నమో, జొన్నరొట్టెనో తింటే ఆకలి ఆగుతుంది, చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. కొర్ర మన పంటే. నంద్యాల పరిశోధన స్థానం వారి సూర్యనంది తక్కువ రోజుల్లో చేతికొచ్చే రకం. రెండు మడులు ఇంటికోసం వేసుకోండి. అవిసె గింజలు వేయించి దంచి రోజుకు ఒకటి రెండు చెంచాలు కలుపుకోవచ్చు. తినేవారికి చేపలు వారానికి రెండుసార్లు మేలు. ఒకసారి కాగిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాచడం మానాలి.

పసుపు కొమ్ములు మీ చేలోవే అట్టిపెట్టుకుని ఇంటికి ఆడించుకోవడం ఉత్తమం. నిగనిగలాడే రంగు కోసం సీసం కలిసిన లెడ్ క్రోమేట్ పూసే దుర్మార్గం బంగ్లాదేశ్‌లో 2019లో బయటపడింది. ప్రభుత్వం గట్టిగా పట్టుకుంటే రెండేళ్ళలోనే అక్కడి అంగళ్ళలో ఆ కల్తీ పోయింది.

ఒక్కరోజులో తగ్గించే పొడి

ఇది బాగా గుర్తుంచుకోండి. మూలికలు నిదానంగా పనిచేస్తాయి. ఏళ్ళనాటి నొప్పిని ఒక్కరోజులో మాయం చేసే పేరులేని పొడిలో స్టీరాయిడ్ కలిపి ఉండే అవకాశం ఎక్కువ. నెలల తరబడి తింటే ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, చక్కెర పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది. అలా వాడుతున్నవారు ఉన్నట్టుండి ఆపినా ప్రమాదమే. పొడి పొట్లం తీసుకుని డాక్టరుకు చూపి, ఆయన చెప్పినట్టు తగ్గించుకోవాలి.

నొప్పి బిళ్ళలదీ అదే కథ. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ వల్ల కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చాయి. అందుకే 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. మనిషికి నాలుగు రోజులు డాక్టరు చెప్పిన మేరకు వాడితే ఉపయోగమే. ఎండలో పనిచేసి, నీళ్ళు చాలక, బి.పి. మందులతో పాటు నెలల తరబడి మింగితే మాత్రం మూత్రపిండాలకు చేటు.

ఇక ఆగకూడని గుర్తులు. పొద్దున లేవగానే రెండు చేతుల వేళ్ళూ అరగంటకు పైగా బిగుసుకుపోయి, వారాల తరబడి వాపు ఉంటే అది కీళ్ళవాతం కావచ్చు. దానికి ప్రత్యేకమైన మందులున్నాయి. మొదట్లోనే వాడితే కీలు నిలుస్తుంది, ఆలస్యమైతే వంకరపోతుంది. పోయిన కీలును పసుపు తిరిగి తేలేదు. ఒకే కీలు ఎర్రగా వాచి జ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. కూరలో పసుపు, గట్టున వావిలి, కంచంలో కొర్ర మీ చేతిలోని పనులు. డాక్టరు రాసిన మందును ఆయనకు చెప్పకుండా ఆపకండి. ఇంట్లో వాడే ఆకూ, పొడీ ఏదైనా ఆయన దగ్గర దాచకండి.