బవాసీరే కదా అనుకుంటే...

తెల్లారేసరికి హరీస్, పొద్దెక్కితే మండీ... బార్కస్ వీధుల్లో ఆకలికి లోటుండదు. నిజాం కొలువులో సిపాయిలుగా చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బుల బ్యారక్‌లే జనం నోట్లో నాని బార్కస్ అయ్యాయి. ఫుట్‌బాల్, గల్ఫ్‌లో ఉన్న కొడుకుల కబుర్లు... ఇక్కడ దేని గురించైనా గంటలకొద్దీ మాట్లాడుకుంటారు. ఒక్క విషయం తప్ప. మలంలో రక్తం పడుతోందన్న మాట మాత్రం గడప దాటదు. ఆ మొహమాటం బార్కస్ ఒక్కదానిదే కాదు లెండి, గుంటూరులోనైనా గుంతకల్లులోనైనా అంతే!

రక్తం కనిపించగానే ఇక్కడివాళ్లు 'బవాసీర్' అని పేరు పెట్టేస్తారు. తెలుగిళ్లలో అయితే మొలలు. చాలామందిలో అవి నిజంగా మొలలే. చిక్కంతా చూడకుండానే అలా తేల్చేయడంతో వస్తోంది. జెద్దాలోనో దుబాయ్‌లోనో డ్రైవరుగా పనిచేసే నలభై ఏళ్ల మనిషిని ఊహించుకోండి. సెలవు మీద ఇంటికెళ్లినప్పుడు చూపించుకుందాంలే అనుకుంటాడు. తీరా వచ్చాక పెళ్లిళ్లు, చుట్టాలు. ఓ పూతమందు కొనుక్కుని మళ్లీ విమానం ఎక్కేస్తాడు. లోపలున్నది మొలలు కాకపోతే, ఈలోగా కణితి పేగు గోడను దాటేస్తుంది.

దీన్నే వైద్యులు 'స్థానికంగా ముదిరిన' క్యాన్సర్ అంటారు. ఆ మాట చెవిన పడగానే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. ఎందుకంటే అందరికీ 'ముదిరిన' అన్నదే వినిపిస్తుంది. అసలు కబురు 'స్థానికంగా' అన్న మాటలో ఉంది. కణితి పేగు గోడ దాటి ఉండొచ్చు, పక్కనున్న లింఫ్ గ్రంథుల్లోకి పాకి ఉండొచ్చు. కానీ కాలేయానికో ఊపిరితిత్తులకో ఇంకా చేరలేదు. అంటే ఇక్కడ చేసే వైద్యం రోజులు నెట్టుకురావడానికి కాదు, నయం చేయడానికే.

కత్తి ఎప్పుడు?

'కణితి ఉందని తెలిశాక ఆలస్యమెందుకు, రేపే కోసి తీసేయండి' అంటారు బంధువులు. పెద్దపేగు పైభాగంలో వస్తే సాధారణంగా జరిగేది అదే. ముందు ఆపరేషన్, తర్వాత అవసరాన్ని బట్టి మూడు నుంచి ఆరు నెలలు కీమో. చివరన ఉండే పురీషనాళం సంగతి వేరు. పొడవు సుమారు పదిహేను సెంటీమీటర్లే అయినా, ఇరుకైన కటి ఎముకల గూట్లో ఇమిడి ఉంటుంది. మగవాళ్లలో మూత్రాశయం, ప్రోస్టేట్, ఆడవాళ్లలో గర్భాశయం దాన్ని ఆనుకునే ఉంటాయి. సర్జన్‌కు చెయ్యి తిప్పడానికే చోటు తక్కువ. కంటికి కనిపించని కణాలు అంచున మిగిలితే అక్కడే మళ్లీ మొలుస్తుంది.

ఇంగ్లండ్ సర్జన్ బిల్ హీల్డ్ 1980ల్లో దీనికో దారి చూపారు. పురీషనాళాన్ని దాని చుట్టూ ఉన్న కొవ్వుతో సహా, పైపొర చిరగకుండా తీయాలన్నారు. ఆ తర్వాత 2004లో జర్మనీ పరిశోధకులు మరో సంగతి తేల్చారు. రేడియేషన్, కీమో ఆపరేషన్ తర్వాత ఇచ్చినవారిలో ఐదేళ్లలో నూటికి 13 మందికి అదే చోట తిరగబెట్టింది. ముందే ఇచ్చినవారిలో ఆ సంఖ్య 6.

ఇప్పుడు ఇంకో అడుగు ముందుకేశారు. ఎమ్మారై తీసి కణితి ఎంతవరకు వచ్చిందో చూస్తారు. జనం 'కరెంటు పెట్టడం' అనే రేడియేషన్‌ను ఐదారు వారాలపాటు కొంచెం కొంచెంగా ఇస్తారు. లేదంటే ఎక్కువ మోతాదులో ఐదు రోజుల్లోనే ముగిస్తారు. చాలామందికి కొన్ని నెలల కీమోను కూడా ఆపరేషన్‌కు ముందే పూర్తిచేస్తున్నారు. అన్ని నెలలు ఆగితే పెరిగిపోదా అని ఇంట్లోవాళ్లు కంగారుపడతారు. ఆగినట్టు కనిపించే ఆ నెలల్లోనే కణితి చిక్కిపోతుంది. కొందరిలో పూర్తిగా మాయమవుతుంది కూడా. అలాంటివారికి కోత లేకుండా, క్రమం తప్పని పరీక్షలతో కనిపెట్టుకుని ఉండే పద్ధతికి బ్రెజిల్ సర్జన్ ఏంజెలిటా హబ్ర్-గామా బాట వేశారు. పరీక్షలకు రాకుండా మానేసేవాళ్లకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు.

'క్యాన్సర్‌కు మందొచ్చేసింది' అంటూ వాట్సాప్‌లో తిరిగే కబురుకు మూలం 2022లో న్యూయార్క్‌లో జరిగిన ఓ చిన్న ప్రయోగం. డోస్టార్లిమాబ్ అనే మందుతో 12 మందిలో పురీషనాళపు కణితి కనిపించకుండా పోయింది. నిజమే. కానీ అది ఒక ప్రత్యేకమైన జన్యులోపం ఉన్న కణితులకే, అవి ఉండేది కొద్దిమందిలోనే. బయాప్సీ ముక్కకు ఎంఎంఆర్ పరీక్ష చేశారా అని డాక్టర్ని అడగడం మాత్రం మరిచిపోవద్దు.

సంచీ భయం

క్యాన్సర్ కన్నా చాలామందిని వణికించేది పొట్టమీద పెట్టే సంచీ. చాలాసార్లు అది తాత్కాలికమే, లోపలి కుట్లు మానాక కొన్ని నెలలకు తీసేస్తారు. కణితి మలద్వారం కండరాలను పట్టేస్తే మాత్రం జీవితాంతం ఉంటుంది. 'మరి నమాజు?' అన్నది బార్కస్ లాంటి చోట మొదట వచ్చే ప్రశ్న. తన అదుపులో లేని విసర్జన ఉన్నవారికి ఇస్లామిక్ ధర్మశాస్త్రం సడలింపు ఇస్తుంది. నమాజు వేళకు కొత్తగా వజూ చేసుకుని చదువుకోవచ్చు. సందేహం ఉంటే తమ ఆలిమ్‌ను అడిగితే సరి. ఆ ఒక్క భయంతో ఆపరేషనే వద్దని వెళ్లిపోవడం మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది.

వైద్యం కోసం బొంబాయి దాకా పరుగెత్తక్కర్లేదు. మూసీ దాటితే రెడ్‌హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ పేరిట 1955 నుంచి నడుస్తున్న ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు.

రక్తం పడటమే కాదు, వెళ్లొచ్చినా ఇంకా మిగిలిందనిపించడం, వారాల తరబడి విరేచనం తీరు మారడం, కారణం తెలియని రక్తహీనత... ఇవి ఉంటే వయసు చూసుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. 'బ్లాక్ పాంథర్' హీరో చాడ్విక్ బోస్‌మన్‌కు 2016లో మూడో దశలో బయటపడేనాటికి నలభై ఏళ్లు కూడా నిండలేదు. 2020లో చనిపోయాడు. మొదటి పరీక్ష నిమిషం పని. గ్లౌజు వేసుకుని డాక్టరు వేలితో చూస్తారు, కింది భాగంలో కణితి ఉంటే చాలావరకు అప్పుడే తగులుతుంది. ఆ తర్వాత కొలనోస్కోపీ.

ఇంట్లో ఒకరికి వస్తే తోబుట్టువులు, పిల్లలు కూడా నలభై ఏళ్లకల్లా, లేదా రోగికి బయటపడిన వయసుకు పదేళ్ల ముందే, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలి. తండ్రికి నలభై రెండో ఏట వస్తే, కొడుక్కి ముప్ఫై రెండు నిండేలోపే అన్నమాట. అతను గల్ఫ్‌లో ఉంటే, ఈసారి సెలవులో మొదటి పని అదే.