పడవ నడుపువారికి లైసెన్సు అవసరమా?

గోదావరి, కృష్ణా లంకలలో నివసించువారికి పడవయే బాట. బడికి పోవు పిల్లలు, కూలికి పోవు స్త్రీలు, సంతకు పోవు రైతులు రేవు దాటనిదే దినము గడవదు. తరతరములుగా ఈ వృత్తిలోనున్న వానికి శిక్షణ యేల, లైసెన్సు ఏల అని పంచాయతీ సభ్యులకు తోచుట సహజము.

2017 నవంబరు 12వ తేదీన ఇబ్రహీంపట్నము చెంత కృష్ణలో పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించిరి. ఆ పడవకు అనుమతి లేదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన పాపికొండల దారిలో కచ్చులూరువద్ద లాంచీ మునిగి సుమారు 50 మంది ప్రాణములు కోల్పోయిరి. ఆనాడు గోదావరి వరదతో నిండి ప్రవహించుచుండెను.

సుడి ఎక్కడ, మేట ఎక్కడ అనునది సరంగునకు అనుభవము నేర్పిన విద్య. దానిని మేము తక్కువచేయము. కాని గడవేయు నావ వేరు, యంత్రముతో నడచు లాంచీ వేరు. పై అంతస్తున జనము చేరినకొలది లాంచీ ఒరగుట సులభమగును. అప్పుడందరును ఒక ప్రక్కకు పరుగిడినచో తిరుగబడును. నడి ఏటిలో యంత్రము నిలిచిపోయినచో ఏమి చేయవలెనో ముందుగానే అభ్యసింపవలెను. భద్రాచలమున నీటిమట్టము 43 అడుగులకు, ధవళేశ్వరమున 11.75 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడును. ఆ అంకె తన రేవునకేమి చెప్పుచున్నదో సరంగు గ్రహింపవలెను. ఇందుకే శిక్షణ.

1917 నాటి చట్టము స్థానమున పార్లమెంటు 2021లో లోతట్టు జలమార్గముల నౌకలకై క్రొత్త చట్టము చేసినది. యంత్రపు పడవకు తనిఖీ, రిజిస్ట్రేషను, నడుపువానికి యోగ్యతాపత్రము ఉండవలెనని దాని ఆదేశము. యంత్రములేని పడవల విషయమున కొన్ని బాధ్యతలను స్థానిక సంస్థలకు అప్పగించుటకు రాష్ట్ర ప్రభుత్వములకు అది వీలు కల్పించినది.

ఇందువలన పేదవాని జీవనోపాధి పోరాదు. చదువురాని వానిని ఏటిలోనే పడవ నడపుమని, నోటి ప్రశ్నలడిగి పరీక్షించుట న్యాయము.

రేవుపాట పెట్టునపుడు హెచ్చు పాటతోపాటు నడుపువాని యోగ్యతను, లైఫ్ జాకెట్లను కూడ చూడుడు. ఎందరెక్కవచ్చునో పడవమీద పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. వరద హెచ్చరికనాడు పడవను కట్టివేయింపుడు. "నేడు పడవ కదలదు" అని చెప్పగల సరంగును, ఆ మాటకు అండగా నిలుచు పంచాయతీయు ఉన్ననాడే లైసెన్సు ప్రజల ప్రాణములకు రక్షణ కాగలదు.