మూర్ఛ ఒక్కసారి వస్తే మళ్ళీ వస్తుందా?

ఆయుర్వేద వైద్యుడిగా మూర్ఛరోగులను ఎందరినో చూశాను. కాని మా అక్క కుమారుడికి పంతొమ్మిదవ ఏట తొలిసారి ఫిట్స్ వచ్చిన నాడు నాలోని వైద్యుడికంటె మేనమామే ముందు కలవరపడ్డాడు. కాలేజీకి బయలుదేరుతూ గడప దగ్గరే పడిపోయాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. నాలుక కరచుకున్నాడు. ఇరుగుపొరుగువారు చేతిలో ఇనుప తాళంచెవులు పెట్టారు. రెండు నిమిషాలకు మూర్ఛ తగ్గింది. తాళంచెవుల వల్ల కాదు, తనంతట తానే తగ్గింది.

ఆ రాత్రి అక్క నన్నడిగింది: “తమ్ముడూ, మళ్ళీ వస్తుందంటావా?”

ముందుగా కారణం వెదకాలి. రక్తంలో చక్కెర గాని సోడియం గాని బాగా తగ్గడం, మెదడుకు సోకిన జబ్బు, తలకు అప్పుడే తగిలిన దెబ్బ, తాగుడు హఠాత్తుగా మానడం వంటి తక్షణ కారణం దొరికితే చికిత్స దానికే చేయాలి. మావాడికి అటువంటిదేదీ కనిపించలేదు.

అమెరికా నరాల వైద్యుల సంఘం 2015లో ప్రకటించిన సూచనల ప్రకారం, ఇలా అకారణంగా తొలి మూర్ఛ వచ్చిన పెద్దవారిలో నూటికి 21 నుండి 45 మందికి రెండేళ్ళలోపు మళ్ళీ వస్తుంది. అంటే సగానికి పైగా మందికి ఆ వ్యవధిలో రాదన్నమాట. పూర్వం మెదడుకు గాయమో పక్షవాతమో కలిగినా, ఇ.ఇ.జి.లో మూర్ఛ లక్షణాలున్నా, స్కానింగ్‌లో లోపం కనిపించినా, మూర్ఛ నిద్రలో వచ్చినా ప్రమాదం హెచ్చు. రెండవసారి కూడా వస్తే లెక్క మారుతుంది. ఆపై మూడవసారి రావడానికే అవకాశాలు ఎక్కువ.

వెంటనే మాత్రలు మొదలుపెడితే తొలి రెండేళ్ళలో ప్రమాదం తగ్గుతుంది. కాని దీర్ఘకాలంలో మూర్ఛ శాశ్వతంగా ఆగిపోయే అవకాశం అంతమాత్రాన పెరగదు. మావాడి పరీక్షలు రెండూ బాగున్నందువల్ల, మాత్రలు లేకుండా వేచి చూద్దామన్నారు నరాల వైద్యులు. నేనూ సమ్మతించాను.

“మరి నీ బ్రాహ్మీఘృతం?” అంది అక్క. అపస్మార చికిత్సలో చరకుడు దానిని చెప్పిన మాట నిజమే. అయినా అది మూర్ఛను రాకుండా ఆపుతుందని హామీ ఇవ్వలేను. వైద్యుడు రాసిన మాత్రలు మాన్పించి ఘృతం ఇవ్వడం మరీ అపచారం. నేను రాసిచ్చిన పథ్యం ఒక్కటే: వేళకు నిద్ర, వేళకు భోజనం, మద్యానికి దూరం. ఒంటరిగా ఈతకు వెళ్ళరాదు. మోటారుసైకిలు తాళంచెవి అక్క బీరువాలో దాచింది. వైద్యుడు అనుమతించేవరకు అది అక్కడే ఉండాలి.

మూర్ఛ వచ్చినప్పుడు రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోటిలో ఏదీ పెట్టకండి, నీళ్ళు పోయకండి. గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, వెంటవెంటనే మళ్ళీ వచ్చినా ఆసుపత్రికి తరలించండి.

ఎనిమిది నెలలు గడిచాయి. మళ్ళీ రాలేదు. అక్క ఇప్పటికీ అదే ప్రశ్న అడుగుతుంది. “రాకపోవడానికే అవకాశం ఎక్కువ, అక్కా. వస్తే ఏమి చేయాలో మనకు తెలుసు” అంటాను. అంతకు మించి చెప్పడం వైద్యం కాదు, జోస్యం.