మనవడికి మొదటి పల్లీ

మా అమ్మాయి 1999లో సింగపూరులోనే పుట్టింది. మోచేతుల మడతల్లో, బుగ్గల మీద ఎర్రగా పొట్టు లేచే ఎగ్జిమా. "మూడేళ్ళు నిండేదాకా వేరుశనగ పెట్టకండి" అన్నారు డాక్టరుగారు. ఆయన్ని అనడానికేమీ లేదు. అలర్జీ ముప్పున్న పిల్లల విషయంలో అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా 2000లో అదే సలహా ఇచ్చింది, 2008లో వెనక్కి తీసుకుంది. పల్లీ పచ్చడి లేనిదే ఇడ్లీ దిగని ఇల్లు మాది. అయినా పుట్నాలపప్పుతో సరిపెట్టుకున్నాం. నాలుగో ఏట ఒక పుట్టినరోజు విందులో సాటే సాసు నాలిక్కి తగిలీ తగలగానే పిల్ల పెదవులు వాచిపోయాయి. ఆసుపత్రికి పరుగెత్తాం. మానిపించినందుకే వచ్చిందా, ఎలాగూ వచ్చేదా అన్నది ఒక్క పిల్లను చూసి చెప్పలేం.

వందలమందిని చూస్తే చెప్పవచ్చు. బ్రిటన్‌లోని యూదుల పిల్లలతో పోలిస్తే ఇజ్రాయెల్ పిల్లల్లో పల్లీ అలర్జీ పదోవంతే ఉందని లండన్‌లో గిడియన్ లాక్ బృందం 2008లో చూపించింది. అక్కడి పసివాళ్ళు బాంబా అనే పల్లీ చిరుతిండి చప్పరిస్తూ పెరుగుతారు. తర్వాత తీవ్రమైన ఎగ్జిమా గాని గుడ్డు అలర్జీ గాని ఉన్న 640 మంది పసివాళ్ళను ఆ బృందం రెండు జట్లు చేసింది. 2015లో ఫలితం వచ్చింది. ఐదేళ్ళ వయసుకి, పల్లీ మానిపించిన జట్టులో నూటికి 17 మందికి అలర్జీ. తినిపించిన జట్టులో 3 మందికే.

(అన్నట్టు, 1999లో వెలువడిన ఒక పరిశీలనలో సింగపూరు పిల్లల్లో ఆహారంవల్ల వచ్చే తీవ్ర అలర్జీకి మొదటి కారణం పల్లీ కాదు, పక్షిగూటి సూపు! ఏ ఊరి తిండి ఆ ఊరి అలర్జీ.)

ఇప్పుడు మనవడికీ ఎగ్జిమానే. అందుకని ముందు డాక్టరుకి చూపించి, చర్మపరీక్ష చేయించి, ఆయన సరేనన్నాకే మొదలుపెట్టాం. అన్నప్రాశనకి రాజమండ్రి నుంచి వచ్చిన వియ్యపురాలు "ఏడాదైనా నిండకుండా పల్లీలేమిటి వదినగారూ?" అన్నారు. గింజలు కాదు, అవి గొంతుకి అడ్డం పడతాయి. మెత్తటి పీనట్ బటర్ అరచెంచా, గోరువెచ్చని నీళ్ళలో జావలా కలిపాను. ఒంట్లో నలత లేని రోజున, పగటిపూట, చెంచా కొసతో నాకించి పది నిమిషాలు ఆగి మిగతాది పెట్టాను. రెండు గంటలు కాపలా. ఊపిరాడకపోయినా, వాడు వడిలిపోయినా 995కి ఫోను చెయ్యాలని అల్లుడికి చెప్పి ఉంచాను. మా అమ్మాయి వంటింటి గడప దగ్గరే నిలబడి చూసింది.

ఏమీ కాలేదు. వారం తర్వాత బాగా ఉడికిన గుడ్డు పెట్టాం. ఒకసారి పెట్టి మానేస్తే లాభం లేదు కనుక వారానికి మూడుసార్లు వాణ్ణి మా ఇంటికి తెస్తారు. తినిపించాక మూతీ చేతులూ సబ్బుతో కడిగి, చొక్కా మార్చి, అప్పుడు వాళ్ళమ్మ చేతికిస్తాను.