సీజన్‌కు ముందే ర్యాంకులు: నమ్మాలా, లెక్క వేసి చూడాలా?

ఏ లీగ్ అయినా మొదలయ్యే వారం ముందు జట్లకు వరుస సంఖ్యలు వచ్చేస్తాయి. ఫలానా జట్టు మొదటిది, ఫలానాది ఆఖరుది అని టీవీలో నిపుణులు చెబుతారు. కంబదూరులో క్రికెట్టో హాకీయో ఇష్టంగా చూసే కుర్రాడు అది విని తన జట్టు ఏడో స్థానంలో ఉందని దిగులు పడతాడు. ఇంకా ఒక్క ఆట కూడా జరగలేదు కదా, ఆ ఏడు ఎక్కడినుంచి వచ్చింది?

సాధారణంగా మూడు చోట్ల నుంచి వస్తుంది: పోయిన సీజన్ ఫలితాలు, ఆటగాళ్ల పేరుప్రఖ్యాతులు లేదా వేలంలో పలికిన ధర, మిగిలింది చెప్పేవారి అంచనా. చిక్కేమిటంటే, ఏది ఎంత కలిపారో ఎవరూ చెప్పరు. చివరికి కనిపించేది ఒక్క అంకె మాత్రమే.

మొదటి దాన్నే పరీక్షించి చూద్దాం. మనకు బాగా తెలిసిన డెక్కన్ చార్జర్స్‌ను తీసుకోండి. 2008 ఐపీఎల్ లీగ్ దశలో రాజస్థాన్, పంజాబ్, చెన్నై, ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, బెంగళూరు, డెక్కన్ వరుసగా 1 నుంచి 8 స్థానాల్లో నిలిచాయి. డెక్కన్ 14 ఆటల్లో గెలిచినవి రెండే. ఈ పట్టికనే 2009కి ముందస్తు ర్యాంకుగా పెట్టుకున్నారనుకోండి. 2009 లీగ్ దశలో అసలు వరుస ఇది: ఢిల్లీ, చెన్నై, బెంగళూరు, డెక్కన్, పంజాబ్, రాజస్థాన్, ముంబై, కోల్‌కతా. ఒక్కో జట్టు ఎన్ని మెట్లు పైకో కిందకో జరిగిందో కూడితే: రాజస్థాన్ 5, పంజాబ్ 3, చెన్నై 1, ఢిల్లీ 3, ముంబై 2, కోల్‌కతా 2, బెంగళూరు 4, డెక్కన్ 4. మొత్తం 24 మెట్లు, సగటున జట్టుకు 3.

ఎనిమిది మెట్ల పట్టికలో 3 మెట్ల తప్పు ఎక్కువా, తక్కువా? ఎనిమిది చీటీల మీద జట్ల పేర్లు రాసి, చెంబులో వేసి, కళ్లు మూసుకుని ఒక్కొక్కటే తీసి ర్యాంకులు ఇచ్చారనుకోండి. అలా చాలాసార్లు తీస్తే ఎనిమిది జట్ల మొత్తం తప్పు సగటున 21 మెట్లు వస్తుంది, పాత పట్టికకు వచ్చిన 24 కంటే తక్కువ. అంటే ఆ ఏడాది పాత పట్టికను నమ్ముకున్నవారి కంటే చీటీలు తీసినవారికే తక్కువ తప్పు వచ్చే అవకాశం ఎక్కువ. 2008లో ఆఖరి రెండు స్థానాల్లో నిలిచిన బెంగళూరు, డెక్కన్ 2009 మే 24న జొహానెస్‌బర్గ్‌లో ఫైనల్ ఆడాయి. డెక్కన్ 6 పరుగులతో గెలిచింది.

ఒక్క ఏడాది చూసి తీర్పు చెప్పవచ్చా అని మీరు అడగవచ్చు. సరైన సందేహమే. నిజానికి పాత పట్టిక చాలా ఏళ్లలో చీటీల కంటే మెరుగ్గానే ఉండాలి. కానీ 2009లో పోటీలు దక్షిణాఫ్రికాకు వెళ్లాయి, డెక్కన్ కెప్టెన్సీ లక్ష్మణ్ నుంచి గిల్‌క్రిస్ట్‌కు మారింది. పోయినేటి వేరుశనగ దిగుబడి చూసి ఈ ఏటి దిగుబడి చెప్పమంటే మన రైతు ఎవరూ నోరు విప్పడు. జట్ల విషయంలో మాత్రం అదే పని ధైర్యంగా చేస్తున్నాం.

ఇక అదృష్టం సంగతి. మొదటి ర్యాంకు జట్టు ఏ ప్రత్యర్థిపైనైనా వందకు 70 సార్లు గెలిచేంత బలమైనదే అనుకుందాం. క్వార్టర్స్, సెమీస్, ఫైనల్ మూడూ వరుసగా గెలిచే అవకాశం ఎంత? 70లో 70 శాతం 49, అందులో 70 శాతం 34. మూడుసార్లలో ఒక్కసారి కప్పు, రెండుసార్లు ఇంటికి. కాబట్టి మొదటి ర్యాంకు జట్టు ఓడినంత మాత్రాన ర్యాంకు ఇచ్చినవారిని తప్పుపట్టకండి.

మరి పక్షపాతాన్ని ఎలా పట్టుకోవాలి? తప్పు ఎంత అని కాదు, ఎటువైపు అని చూడాలి. ఒక ఛానల్ తన ఊరి జట్టుకు ఐదు సీజన్లు వరుసగా అసలు కంటే పై స్థానమే ఇచ్చిందనుకోండి. మొగ్గు లేనివారికి ఒక్కో ఏడాది తప్పు పైకో కిందకో సమానంగా పోవాలి. ఐదుసార్లూ పైకే పోవడం 32లో ఒకసారి జరిగే సంగతి. అప్పుడు అనుమానించడం న్యాయమే.

మనిషికి మొగ్గు లేకపోయినా లెక్కలోనే ఉండవచ్చు. 2018లో లండన్‌లో జరిగిన మహిళల హాకీ ప్రపంచకప్‌కు ఐర్లాండ్ 16వ ర్యాంకుతో వచ్చింది. మన జట్టుది 10. ఐర్లాండ్ మనల్ని లీగ్ దశలో 1-0తో, క్వార్టర్స్‌లో షూటౌట్‌లో ఓడించి, రజతం దాకా వెళ్లింది. ఎలా? అప్పటి అంతర్జాతీయ సమాఖ్య ర్యాంకులు నాలుగేళ్ల టోర్నీల్లో సాధించిన స్థానాలను బట్టి వచ్చేవి. ఐర్లాండ్ అమ్మాయిలు 2002 తర్వాత ప్రపంచకప్ ఆడలేదు, రియో ఒలింపిక్స్‌కూ అర్హత పొందలేదు. పెద్ద పోటీలు ఆడనివారికి పెద్ద పాయింట్లు రావు. ఆ ర్యాంకు వారి ఆట కంటే ఎక్కువగా వారికి దక్కిన అవకాశాలను కొలిచింది.

ఈ లోపాన్ని తగ్గించడానికే 2020 నుంచి పద్ధతి మార్చారు. ఇప్పుడు ప్రతి ఆటకూ రెండు జట్లు పాయింట్లు మార్చుకుంటాయి: గెలిచినవారికి వచ్చినన్నే ఓడినవారికి పోతాయి. బలమైన జట్టును ఓడిస్తే ఎక్కువ, బలహీనమైనదాన్ని ఓడిస్తే తక్కువ. నాకిది మెరుగైన పద్ధతే అనిపిస్తుంది. అయితే పెద్ద జట్లతో ఆడే అవకాశమే రానివారు పైకి ఎక్కడం ఇప్పటికీ కష్టమే.

డబ్బు కొలమానం ఇంకా బలహీనం. 2024 డిసెంబరులో తిరిగి మొదలైన హాకీ ఇండియా లీగ్‌కు వేలంలో అందరికంటే ఎక్కువ ధర, 78 లక్షలు, హర్మన్‌ప్రీత్ సింగ్‌కు దక్కింది. ఆయన ఆడిన సూర్మా క్లబ్ మూడో స్థానంలో నిలిచింది. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో జరిగిన ఫైనల్‌లో బెంగాల్ టైగర్స్ 4-3తో మన హైదరాబాద్ తూఫాన్స్‌ను ఓడించింది. విజేతకూ రన్నరప్‌కూ మధ్య తేడా ఒక్క గోల్.

ఇంకో మాట, ర్యాంకు దూరాన్ని దాచేస్తుంది. 2009 ఐపీఎల్‌లో నాలుగో స్థానంలోని డెక్కన్‌కూ ఐదో స్థానంలోని పంజాబ్‌కూ సమానంగా 14 పాయింట్లే. నెట్ రన్‌రేట్, అంటే పరుగుల వేగంలోని తేడా, ఒకరిని సెమీస్‌కు పంపింది, మరొకరిని ఇంటికి పంపింది.

నిలకడలేమిని కనిపెట్టడానికి లెక్కలు కూడా అక్కర్లేదు. ఒకే కారణం ఒక జట్టుకు మెచ్చుకోలుగా, ఇంకో జట్టుకు నిందగా రాశారేమో చూడండి. ఇక్కడ కుర్రాళ్లుంటే "కొత్త ఉత్సాహం", అక్కడ కుర్రాళ్లుంటే "అనుభవం లేదు" అని ఉందా? అయితే ర్యాంకు ముందే తేల్చి, కారణాలు తర్వాత వెతికారన్నమాట.

టీవీ ర్యాంకు తప్పయితే నష్టం కాసేపు బాధ. పోటీల నిర్వాహకులే ర్యాంకును వాడితే అది పిల్లల భవిష్యత్తును తాకుతుంది. 2025 సీనియర్ జాతీయ హాకీ పోటీల్లో రాష్ట్రాల జట్లను ఎ, బి, సి డివిజన్లుగా విడదీసి, టైటిల్ పోరును ఎ డివిజన్‌కే పరిమితం చేశారు. అలాంటి నియమం 2009 ఐపీఎల్‌లో ఉంటే డెక్కన్‌కు కప్పు గెలిచే దారే ఉండేది కాదు. హాకీలో మాత్రం కింది డివిజన్‌లో బాగా ఆడితే మరుసటి ఏడు పైకి వచ్చే వీలు పెట్టారు. ఆ వీలు ఉన్నంతవరకే ఈ పద్ధతి సమంజసం.

అప్పటి చిత్తూరు జిల్లా ఎనుములవారిపల్లె నుంచి రజని వెళ్లి భారత మహిళల హాకీ జట్టుకు గోల్‌కీపర్ అయింది. అనంతపురంలో ఆర్‌డీటీ స్పోర్ట్స్ విలేజ్‌లో ఈ రోజు హాకీ కర్ర పట్టుకున్న పిల్లలకూ అదే దారి ఉంది. మీ బిడ్డను గానీ మీ ఊరి జట్టును గానీ ఎక్కడైనా ఒక వరుసలో నిలబెడితే, ఆ వరుస దేన్నిబట్టి వేశారో, పోయినసారి వేసిన వరుస ఎంత తప్పిందో నిర్వాహకులను అడగండి. అడిగే హక్కు మీకుంది.